ఏడేళ్ల పిల్ల చేతికి సిమ్ వాచీ: కొన్ని నెలల వాడకం తర్వాత

ఆరేడేళ్ల పిల్లలను వీధి చివరి కొట్టుకో, రెండు సందుల అవతలి ట్యూషన్‌కో ఒంటరిగా పంపాలా వద్దా అని తేల్చుకోలేక సతమతమయ్యే తల్లిదండ్రులకు ఇప్పుడు బజారులో ఒక వస్తువు దొరుకుతోంది. సిమ్ కార్డు వేసుకునే పిల్లల చేతి వాచీ అది. బిడ్డ ఎక్కడుందో పటంలో చూపిస్తుంది, మనం ముందుగా ఎంచి పెట్టిన నంబర్లకు మాత్రమే ఫోను చేయనిస్తుంది, ఆపదలో నొక్కడానికి పక్కన ఒక బటన్ ఉంటుంది. మా అమ్మాయి రెండో తరగతిలోకి వచ్చాక ఒకటి కొన్నాను. ఎండాకాలమూ వానాకాలమూ వాడి చూశాక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఐదు వేల రూపాయల లోపు దొరికే ఈ వాచీల్లో చాలావాటి లోపలి యంత్రమూ, ఫోనులో వేసుకునే యాప్ ఒకే తీరున ఉంటాయి. పైన ముద్రించే పేరు, పట్టీ రంగు మాత్రం అమ్మేవారిని బట్టి మారుతుంటాయి. కాబట్టి నేను చెప్పబోయే గుణదోషాలు ఈ ధరలో దొరికే వాచీలకు కాస్త అటూ ఇటూగా వర్తిస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్ల మనల్ని పిలవడానికి ఈ వాచీ చక్కగా పనికొస్తుంది. మనం పిల్లను కనిపెట్టి చూడటానికి అంతగా పనికిరాదు, పైగా ఆ వాడకం వల్ల పిల్లకూ మనకూ కొంత చెరుపు కూడా జరుగుతుంది. అమ్మేవాళ్లు మాత్రం ప్రకటనల్లో ఈ రెండో పనినే పెద్ద అక్షరాలతో చూపిస్తారు.

మేముండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో. నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య సందులు, సందుల్లో అడ్డదిడ్డంగా నిలిపిన స్కూటర్లు, రైతు బజారు వైపు వెళ్లేకొద్దీ పెరిగే ఆటోలు, ఇదీ మా పిల్ల నడవాల్సిన లోకం. ట్యూషన్‌కు వెళ్లాలంటే రెండు మలుపులు తిరగాలి, వాహనాలు తిరిగే ఒక వీధి దాటాలి. పెద్దవాళ్ల నడకకు ఐదు నిమిషాలు కూడా పట్టని దూరమే అయినా, పిల్లను ఒక్కదాన్నే పంపమంటే ఎవరికైనా కాళ్లు ఆడవు. మా అత్తగారిని అడిగితే, తన పిల్లలు ఈ వయసులో చెరువు గట్టు మీదుగా బడికి వెళ్లొచ్చేవారని, వీధి పొడుగునా అరుగుల మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు కనుక తనకు బెంగ ఉండేది కాదని చెప్పారు. ఆ అరుగులు ఇప్పుడు లేవు, వాటి మీద కూర్చునేవాళ్లు టీవీల ముందుకు చేరిపోయారు. ఆ లోటును ఒక యంత్రం ఎంతవరకు పూడ్చగలదో చూద్దామనే ఈ వాచీ కొన్నాను.

కొనేటప్పుడు మొదట చూసుకోవాల్సింది అది 2జీ వాచీయా, 4జీ వాచీయా అన్నది. మరీ చౌకగా కనిపించేవాటిలో 2జీవి చాలా ఉంటాయి. జియోకు 2జీ నెట్‌వర్కు లేదు కనుక వాటిలో జియో సిమ్ వేసి లాభం లేదు. 4జీ వాచీ అయినా అందులో వోల్టీ, అంటే 4జీ మీదే ఫోను మాట్లాడే వీలు, ఉందో లేదో, మీరు వేయబోయే కంపెనీ సిమ్‌తో కాల్ కలుస్తుందో లేదో అడిగి తేల్చుకున్నాకే డబ్బు కట్టాలి. మన దేశంలో పద్దెనిమిదేళ్లు నిండనివారి పేరు మీద సిమ్ ఇవ్వరు, కాబట్టి అది తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరి పేరు మీద తీసుకోవాల్సిందే. సిమ్ పెట్టాక ఫోనులో యాప్ వేసుకుని, వాచీ వెనక అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే రెండూ జతపడతాయి. ఇక్కడ తొందర పనికిరాదు. ఆ కోడ్ ఫోటోను ఎవరికీ పంపకండి, పెట్టె మీద అదే కోడ్ ఉంటే చించి పారేయండి, యాప్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చేయండి. ఇది ఉత్త భయం కాదు. 2017 అక్టోబరులో నార్వే వినియోగదారుల మండలి కొన్ని పిల్లల వాచీలను పరీక్షింపజేసినప్పుడు, వాటిలో కొన్నిటిలోకి బయటివాళ్లు సులువుగా చొరబడి బిడ్డ ఎక్కడుందో చూడగలరని, బిడ్డతో మాట్లాడగలరని, బిడ్డ ఒకచోట ఉంటే తల్లిదండ్రులకు మరోచోట ఉన్నట్టు చూపించగలరని కూడా తేలింది. మేము కొన్న వాచీ పెట్టెలో వచ్చిన కాగితాన్ని రెండు వైపులా చదివాను. మా పిల్ల తిరిగిన చోట్ల సమాచారం ఎక్కడ భద్రపరుస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో అందులో ఒక్క ముక్క లేదు.

ఇక అందరూ దేనికోసం కొంటారో ఆ పటం సంగతి. ఆరుబయట, తల పైన ఆకాశం కనిపించే చోట, వాచీ ఉన్న చోటును పటంలో చూపే చుక్క బాగానే కుదురుతుంది. పార్కులో ఉంటే పార్కులోనే చూపిస్తుంది, ఒక్కోసారి ఏ గేటు దగ్గర ఉందో కూడా పోల్చుకోవచ్చు. తలుపు దాటి ఇంట్లోకి అడుగుపెట్టగానే చిక్కు మొదలవుతుంది. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అంత దూరం నుంచి వచ్చే సంకేతం మన దాకా చేరేసరికే ఎంతో బలహీనపడి ఉంటుంది కనుక కాంక్రీటు శ్లాబుల అడుగుకు సరిగా అందదు. అప్పుడు వాచీ చుట్టుపక్కల వైఫైలను పట్టుకుని చోటు అంచనా కడుతుంది, అదీ కుదరకపోతే సెల్ టవర్‌ను ఆధారం చేసుకుంటుంది. టవర్‌ను బట్టి కట్టిన అంచనా వందల మీటర్లు అటూ ఇటూ అవుతుంది. మా అమ్మాయి ట్యూషన్ ఒక పాత మేడ కింది వాటాలో జరుగుతుంది. ఒక సాయంత్రం యాప్ తెరిచేసరికి చుక్క లాసన్స్ బే ఒడ్డు దాటి, నీలం రంగు మధ్యలో, అంటే అచ్చంగా సముద్రంలో, నిలబడి ఉంది. ఆ వేళకు పిల్ల ట్యూషన్‌లో కూర్చుని ఎక్కాలు రాసుకుంటూ ఉంటుందని తెలుసు. తెలిసినా, ఏదో సాకు పెట్టి టీచరుకు ఫోను చేసి ఆవిడ గొంతు వెనక పిల్లల గోల వినేదాకా మనసు నిలవలేదు. చుక్క చుట్టూ లేత రంగులో ఒక వలయం ఉంటుంది. ఆ వలయంలో పిల్ల ఎక్కడైనా ఉండవచ్చన్నది దాని అర్థం. యాప్ ఆ సంగతిని ఎక్కడా విడమరిచి చెప్పదు. వలయాన్ని వదిలి చుక్కనే చూసేవారికి ఈ పటం వల్ల ధైర్యం కన్నా దడే ఎక్కువ.

హద్దులు గీసుకునే సదుపాయం కూడా ఇదే బాపతు. ఇంటి చుట్టూ ఒక గిరి గీసి పెట్టుకుంటే, పిల్ల అది దాటగానే మన ఫోనుకు కబురు వస్తుందన్నారు. మా వాచీలో ఆ గిరి 200 మీటర్ల వ్యాసార్ధం కన్నా చిన్నదిగా గీయడం కుదరదు. మా కాలనీలో ఆ కొలతకు ఇల్లు, కొట్టు, పార్కు, నాకు అసలు భయమున్న వాహనాల వీధి, అన్నీ ఒకే గిరిలోకి వచ్చేస్తాయి. పైగా రాత్రిపూట టవర్ మారినప్పుడల్లా చుక్క ఎగిరి పక్క సెక్టారులో పడుతుంది, నా పక్కనే పడుకుని నిద్రపోతున్న పిల్ల హద్దు దాటిందని ఫోను మోగుతుంది. ఆ సదుపాయాన్ని ఆపేశాను.

చుక్క ఎంత తరచుగా కదలాలో మనమే నిర్ణయించుకోవచ్చు. నిమిషానికోసారి పెడితే సాయంత్రానికల్లా బ్యాటరీ అడుగంటుతుంది. గంటకోసారి పెడితే రోజంతా వస్తుంది గాని, చుక్క చెప్పేది గంట కిందటి మాట అవుతుంది. ఆపదలో అక్కరకు రావాల్సిన వాచీ, పటం కోసం ఛార్జింగ్ అంతా ఖర్చుపెట్టి, తీరా పిల్ల ఇంటికి నడిచొచ్చే వేళకు ఆగిపోతే ఇక దాన్ని కట్టి పంపి ఏం లాభం? ఈ రెండు పనులకూ బొత్తిగా పొత్తు కుదరదని, పటాన్ని తగ్గించుకున్నకొద్దీ పిలుపు నమ్మకంగా పనిచేస్తుందని కొద్ది వారాల్లోనే అర్థమైంది.

పటంతో ఇంకో తంటా ఉంది, దానికి మాత్రం యంత్రాన్ని తప్పుపట్టలేం. యాప్‌లో బంధువులను కూడా చేర్చుకోవచ్చు. మా ఇంట్లో ఇదొక వేడుకైపోయింది. విజయనగరంలోని తాతయ్యగారు, బెంగళూరులోని బాబాయి, పిన్ని, అందరూ చేరిపోయారు. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే తాతయ్యగారు పటం తెరిచి, "పిల్ల ఎండలో పార్కులో ఉందేమిటమ్మా, లోపలికి పిలువు" అని నాకు ఫోను చేసేవారు. అదే సమయానికి బాబాయి నుంచి వాచీలోకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చేది, ఆట మధ్యలో పిల్ల ఆగి దానికి జవాబు చెప్పేది. ఒక్క గంటసేపు తన తోటివాళ్లతో తన తంటాలు తను పడాల్సిన పిల్ల మీద మూడు ఊళ్ల నుంచి చూపులు పడుతుంటే ఆమెకు దొరికిన స్వేచ్ఛ ఏపాటిది? చివరకు మా ఇద్దరి పేర్లు తప్ప మిగతావన్నీ తీసేశాను. తాతయ్యగారు కొంత నొచ్చుకున్న మాట నిజమే గాని, రోజూ రాత్రి వీడియో కాల్ పెట్టేసరికి సర్దుకున్నారు.

ఈ వాచీల్లో చాలావాటికి ఉన్న మరో సదుపాయం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మా యాప్‌లో దాని పేరు మానిటర్. అది నొక్కితే వాచీ కిక్కురుమనకుండా మన ఫోనుకు కలిసి, పిల్ల చుట్టూ వినిపించే మాటలన్నీ మనకు వినిపిస్తుంది. తన మాటలు ఎవరో వింటున్నారని పిల్లకు తెలియదు. ఇలా చాటుగా వినడానికి వీలిచ్చే పిల్లల వాచీల అమ్మకాన్ని జర్మనీలో టెలికాం వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ 2017 నవంబరులో నిషేధించింది. వాటిని చాటుగా సంభాషణలు ప్రసారం చేసే పరికరాలుగా లెక్కగట్టింది, కొన్నవాళ్లను ధ్వంసం చేయమని కూడా కోరింది. తరగతిలో టీచర్లు ఏం చెబుతున్నారో వినడానికి కొందరు తల్లిదండ్రులు వాటిని వాడుతున్నట్టు తమ విచారణలో తేలిందని ఆ సంస్థ అప్పుడు చెప్పింది. మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 9వ సెక్షన్ పిల్లల సమాచారాన్ని సేకరించే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని, పిల్లల కదలికలను, ప్రవర్తనను వెంబడించకూడదని చెబుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, భద్రత లాంటి అవసరాలకు కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి. ఆ చట్టం కట్టడి చేసేది కంపెనీలను. ఇంట్లో తల్లి తన బిడ్డ విషయంలో ఏం చేయాలో అది చెప్పదు. అది మన విచక్షణకే మిగిలింది. నా మటుకు నేను ఆ మానిటర్‌ను ఒక్కసారి మా ఇంట్లోనే, పిల్ల ఎదుటే పరీక్షించి ఆపేశాను. ట్యూషన్‌లో కూర్చున్న పరాయి పిల్లల మాటలు, ఆ టీచరు మాటలు వినే హక్కు నాకు లేదు. అసలు ఆ బటన్ లేని వాచీ దొరికితే వెయ్యి రూపాయలు ఎక్కువైనా పెట్టి కొనమంటాను.

పటం గురించి మాత్రం మా అమ్మాయికి వాచీ కట్టిన రోజే చెప్పాను, నువ్వెక్కడున్నావో నాకు ఇందులో కనిపిస్తుందని. "నాన్న ఎక్కడున్నారో నాకు కనిపిస్తుందా మరి?" అని అడిగింది. యాప్‌లో అందుకు ఏర్పాటు లేదు. అప్పటి నుంచి ఆఫీసులో ఆలస్యమైన రోజున మా వారు నాకన్నా ముందు పిల్ల వాచీకి ఫోను చేసి చెబుతున్నారు.

ఇక ఈ వాచీలో నిజంగా డబ్బుకు తగిన భాగం. ఒక సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తూ పిల్ల ఫోను చేసింది. సందు మొదట్లో కుక్క అడ్డంగా పడుకుని ఉందని, లేచి గుర్రుమంటోందని, రావడానికి భయంగా ఉందని చెప్పింది. గొంతు వణుకుతోంది గాని ఏడవడం లేదు. నేను పరుగెత్తుకుని కిందికి వెళ్లడానికి చెప్పుల్లో కాళ్లు పెట్టేశాను కూడా. ఆగి, "పక్కన ఎవరైనా తెలిసినవాళ్లు ఉన్నారా, చూడు" అన్నాను. ఇస్త్రీ బండి అంకుల్ ఉన్నాడంది. ఆయన్ని అడగమన్నాను. ఫోను పెట్టేయకుండానే అడిగింది. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కుక్కను అదిలించి, పిల్లను సందు దాటించి పంపడం నాకు వినిపించింది. నేను చేసిందల్లా ఒక్క ప్రశ్న అడగడం. తెలిసిన మనిషిని వెతుక్కోవడం, నోరు తెరిచి సాయం అడగడం, కుక్క ముందు పరుగెత్తకుండా నిలబడటం, అన్నీ పిల్లే చేసుకుంది. మర్నాడు అదే సందులో అదే కుక్క ఉంటే ఫోను చేయలేదు, నేరుగా ఇస్త్రీ బండి దగ్గరకు వెళ్లి నిలబడిందట. అరుగుల మీది మనుషులు పోయారన్నాను గాని, వీధిలో ఇస్త్రీ బండి ఉంది, కిరాణా కొట్టు ఉంది, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య ఉంది. పిల్లను పంపడం మొదలుపెట్టే ముందు వాళ్లందరికీ పిల్లను పరిచయం చేయడం, వాళ్ల పేర్లు పిల్లకు నేర్పడం, వాచీ కొనడం కన్నా ముందు చేయాల్సిన పని.

అయితే ఈ పిలుపుకూ మోతాదు ఉంది. కుక్క సంగతి తర్వాత కొన్నాళ్లు ప్రతి చిన్న విషయానికీ ఫోను వచ్చేది. కొట్టులో చిన్న పెరుగు ప్యాకెట్ లేదు, పెద్దది తేనా అని ఒకసారి, చిల్లర బదులు చాక్లెట్ ఇస్తున్నారు తీసుకోనా అని ఇంకోసారి. అమ్మను మణికట్టుకు కట్టుకుని తిరుగుతున్నట్టుంది గాని, పిల్ల ఒంటరిగా ఏదీ తేల్చుకోవడం లేదు. అందుకే ఇద్దరం ఒక మాట అనుకున్నాం: దెబ్బ తగిలినా, దారి తప్పినా, ఎవరైనా భయపెట్టినా, ఎవరైనా తమతో రమ్మన్నా వెంటనే ఫోను చేయాలి, మిగతావి తనకు తోచినట్టు చేసి, ఇంటికొచ్చి చెప్పాలి. పెద్ద ప్యాకెట్ తెచ్చిన రోజున పెరుగు మిగిలిపోయి మర్నాటికి పులిసింది, మజ్జిగ పులుసు పెట్టుకున్నాం. అంతకు మించిన నష్టం ఏమీ జరగలేదు.

మనం చేసే కాల్స్ ఇంకా ప్రమాదం. పిల్ల వీధి దాటే సమయానికి వాచీ మోగితే చేయి ఎత్తి నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతూ దాటేస్తుంది. ఎదురుగా వచ్చే బండి ఎంత వేగంతో వస్తోందో సరిగా అంచనా కట్టే నేర్పు ఆ వయసు పిల్లలకు ఇంకా పూర్తిగా రాదు, దాని మీద మన ఫోను కూడా తోడైతే చెప్పేదేముంది. ఇందుకు యాప్‌లోనే ఒక ఉపాయం దొరికింది. తరగతి జరుగుతున్నప్పుడు వాచీ మోగకుండా ఉండటానికి క్లాస్ మోడ్ అని ఒకటి ఉంది. మా వాచీలో అది పెట్టినప్పుడు బయటి నుంచి కాల్స్ రావు, కానీ ఎస్‌ఓఎస్ బటన్‌ను, అంటే పక్కనున్న ఆపద బటన్‌ను, మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే పిల్ల నుంచి మనకు కాల్ వస్తుంది. ఆ మోడ్‌ను తరగతి వేళకు కాక పిల్ల నడిచే వేళకు పెట్టాను. ఇక నాకు ఎంత బెంగగా ఉన్నా ఆ పది నిమిషాలూ ఫోను చేయడం కుదరదు. ఈ వాచీలో నాకు బాగా నచ్చిన సదుపాయం, తయారుచేసినవాళ్లు ఆ ఉద్దేశంతో పెట్టకపోయినా, ఇదే. ఎస్‌ఓఎస్ నొక్కితే వరసగా మూడు నంబర్లకు, ఎవరో ఒకరు ఎత్తేదాకా, కాల్ వెళుతుంది. ఆ మూడింటిలో 112 పెట్టకండి, పొరపాటున నొక్కుకుపోయి ఊరికే పోలీసులకు ఫోను వెళ్లవచ్చు. 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 రెండింటినీ వాచీ ఫోన్‌బుక్‌లో వేసి పిల్లకు చూపించండి.

చుక్క చూపించేది వాచీ ఎక్కడుందో మాత్రమేనన్నది మరిచిపోవడం తేలిక. ఒకసారి మా అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో తాడాట ఆడుతూ, వాచీ అడ్డమని తీసి సోఫాలో పెట్టి, అందరూ కలిసి పార్కుకు వెళ్లారు. చుక్క మాత్రం బుద్ధిగా ఆ ఇంట్లోనే ఉంది. వాచీ తీస్తే తెలియజేస్తామన్న హెచ్చరిక రాలేదు. జపాన్‌లో ఆరేడేళ్ల పిల్లలు బడికి నడిచి వెళతారు, వాళ్లలో చాలామంది బడి సంచికి చేతిలో ఇమిడే ఒక చిన్న బజర్ వేలాడుతుంది. దాని తాడు లాగితే పెద్దగా మోగుతుంది, అంతే. అందులో పటం లేదు, రీఛార్జి లేదు. మోగించాలా వద్దా అన్న నిర్ణయం పిల్లది, పరుగెత్తి రావడం వీధిలోని పెద్దల పని. మన వీధుల్లో హారన్ల మోత మధ్య ఆ బజర్ ఎవరి చెవిన పడుతుందో గాని, ఆ ఆలోచన మాత్రం ఈ వాచీల ప్రకటనల కన్నా నాకు సబబుగా తోచింది.

వస్తువుగా చెప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. విశాఖ ఉక్కపోతకు సిలికాన్ పట్టీ కింద చెమట నిలిచి మణికట్టు చుట్టూ ఎర్రగా పొక్కింది. గుడ్డ పట్టీ వేయించాక తగ్గింది, కాబట్టి పట్టీ విడిగా మార్చుకునే వీలున్న వాచీయే తీసుకోండి. ఛార్జింగ్ తీగ అయస్కాంతంతో వెనక అతుక్కుంటుంది. అక్కడి ఇత్తడి రంగు చుక్కల మీద చెమట ఎండి పచ్చగా చిలుము పడుతుంది, అప్పుడు రాత్రంతా పెట్టినా ఛార్జింగ్ ఎక్కదు. వారానికోసారి పొడి గుడ్డతో తుడుచుకోవాలి. ఐపీ67 అని రాసినంత మాత్రాన ఆర్కే బీచ్‌లో కట్టుకుని దిగవచ్చని కాదు. మీటరు లోతు మంచినీటిలో అరగంట తట్టుకుంటుందన్నదే దాని అర్థం, ఉప్పునీటి లెక్క వేరు. కెమెరా నాసిరకం. ఆటలున్నాయి, వాటిని ఆపేయవచ్చు. బడిలో ఇలాంటి వాచీలను ఒప్పుకోవడం లేదు, మా అమ్మాయిది సాయంత్రాల వాడకమే.

వయసు విషయంలో నా అభిప్రాయం కచ్చితంగానే ఉంది. మా వాడికి నాలుగేళ్లు. అక్కకు ఉంది కనుక తనకూ కావాలని పేచీ పెట్టాడు, కొనలేదు. ఆ వయసులో బిడ్డకు కావాల్సింది చేయి చాచితే అందేంత దూరంలో ఒక పెద్ద మనిషి. కళ్ల ముందే జారుడుబండ ఎక్కనివ్వడం, తన బట్టలు తనే వేసుకోనివ్వడం, వలిచిన వేరుశనగ గింజలు డబ్బాలో పోయనివ్వడం, అక్కడ స్వేచ్ఛ అంటే అంతే. వాచీ కట్టి దూరం వదిలేంత వయసు కాదది. చిన్నవాళ్ల బట్టలకు ఆపిల్ కంపెనీ ఎయిర్‌ట్యాగ్ లాంటి, జాడ తెలిపే బిళ్లలు తగిలించవచ్చుగా అని ఒక స్నేహితురాలు అడిగింది. అది వస్తువులను వెతకడానికి చేసిన సాధనం, చుట్టుపక్కల అదే కంపెనీ ఫోన్లు ఉంటేనే జాడ చెబుతుంది. పైగా అందులోది సీఆర్2032 నాణెం బ్యాటరీ. మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేయగలదు. పాకే పిల్లలూ, అన్నీ నోట్లో పెట్టుకునే పిల్లలూ ఉన్న ఇళ్లకు దాన్ని సిఫారసు చేయను. పది, పదకొండేళ్లు దాటినవాళ్లు ఎలాగూ ఈ వాచీని చిన్నపిల్లల వస్తువని తీసి పారేస్తారు. నా లెక్కన ఏడు నుంచి పదేళ్ల మధ్య, అదీ నడిచి వెళ్లే దూరంలో ఒక గమ్యం ఉన్న పిల్లలకే దీని అవసరం. అమెరికాలోని డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు వాళ్లకు, పిల్లలను ఒంటరిగా పంపితే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో, ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమో అన్న భయం ఎక్కువ ఉండేది. పిల్లలు ఒంటరిగా బడికి నడవడం, బయట ఆడుకోవడం లాంటివాటిని నిర్లక్ష్యంగా పరిగణించకుండా అమెరికాలో మొదట యూటా రాష్ట్రం 2018లో చట్టం చేసింది, డల్లాస్ ఉన్న టెక్సస్ 2021లో చేసింది. మనకు అలాంటి పేచీ లేదు. మన పేచీ అంతా బండ్లతోనూ కుక్కలతోనూ.

ఖర్చు వాచీతో ఆగదు. సిమ్‌కు ఎప్పటికప్పుడు రీఛార్జి చేయించాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పిన మీదట 2025 జనవరి నుంచి కంపెనీలు డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాక్‌లు కూడా పెట్టాయి. పటం అక్కరలేదనుకుంటే వాటితో సరిపెట్టుకోవచ్చు గాని, ఫోన్‌బుక్ మార్చాలన్నా, క్లాస్ మోడ్ వేళలు మార్చాలన్నా వాచీకి డేటా అందాలి. మేము కనీస డేటా ప్యాక్‌నే ఉంచుకున్నాం. కొనేవారికి ఒకటే సూచన. తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే వాచీని పిల్లకు కట్టి, పిల్ల వెళ్లాల్సిన దారి పొడుగునా మీరు కాస్త వెనకగా నడవండి. ప్రతి మలుపు దగ్గరా, ట్యూషన్ లోపలా, లిఫ్టు పక్కనా, సెల్లార్‌లోనూ పిల్లతోనే ఎస్‌ఓఎస్ నొక్కించి కాల్ కలుస్తుందో లేదో చూడండి. మా సెల్లార్‌లో కలవలేదు. అందుకే మా అమ్మాయి ఇప్పుడు సెల్లార్ దారిన కాక ముందు గేటు నుంచే వస్తుంది. మీ దారిలో వీధి దాటే చోట కాల్ కలవకపోతే మాత్రం, మిగతావన్నీ ఎంత బాగున్నా, ఆ వాచీని పెట్టెలో పెట్టి వెనక్కి పంపేయండి.